పెద్దోడి గురక

1. పప్పు ఉడికేలోగా

ఇంటి యంత్రానికి నలతగా ఉంటే, అది బాగయ్యేదాకా ఇంటిపెద్ద ఏ రోజు సంగతి ఆ రోజు రాసి పంపాలని మా గొట్టం వీధి కచేరీ వారి నిబంధన. అనవసరపు విషయాలు రాయకూడదట. సరే. అన్నిటికంటే అవసరమైన విషయమే ముందు రాస్తున్నాను. మా ముత్యం పురిటికి వస్తోంది.

మా ముత్యమండీ! పెళ్లయిన తొమ్మిదేళ్లకి కడుపు పండింది. ఆ మాట విన్న రోజు నుంచి నాకు నేల మీద కాలు నిలవడం లేదు. అసలే ఈ కుజుడి మీద మనిషి బరువు తక్కువ, సంతోషం పట్టలేక గెంతితే నెత్తి పైకప్పుకి తగిలి బొప్పి కట్టింది. ఆ బొప్పిని వీధిలో అందరికీ చూపించి మరీ కబురు చెప్పాను. తొలి కాన్పు పుట్టింట్లో జరగాలన్నది మా వాళ్ల ఆచారం. భూమి విడిచి వచ్చినా దాన్ని విడవలేదు. ఇక్కడ పెళ్లి సంబంధాల్లో కుజదోషం మాట ఎత్తితే మాత్రం నవ్వుతారు. దోషం జాతకంలో ఎందుకుంటుంది, కాళ్ల కిందే ఉంటే!

ఇక జబ్బు సంగతి. మా ఇంటి యంత్రం పేరు పెద్దోడు. వంటింటి గోడలో బీరువా అంత పెట్టె. ఇంట్లోకి గాలి, నీళ్లు, వెచ్చదనం, వెలుతురు అన్నీ వాడి చేతిలోనే. నేను భూగర్భంలో నీటి గొట్టాలు దింపే పనికి వచ్చిన కొత్తలో, పిల్లలు లేని ఇంట్లో మా పైడమ్మ మాటకి జవాబు చెప్పింది వాడొక్కడే. అందుకే పెద్దోడు అని పేరు పెట్టింది. తరవాత పుట్టిన ముత్యానికి వాడు అన్న అయ్యాడు.

ఇప్పుడు ఆ పెద్దోడు ముసలోడయ్యాడు. తిరగలిలో గులకరాళ్లు పోసి తిప్పినట్టు రాత్రీ పగలూ ఒకటే గురక. పక్కింటివాళ్లు గోడకి పరుపు ఆనించుకున్నారు. పైగా నెమ్మది. పొద్దున వేణ్ణీళ్లు అడిగితే మధ్యాహ్నం కంచం ముందు కూర్చున్నాక స్నానాల గదిలో నీళ్లు పడతాయి. నిన్న పైడమ్మ సరుకులతో గుమ్మంలో నిలబడి "తలుపు తియ్రా నాయనా" అంది. వాడు తీసేలోగా అక్కడే కూర్చుని బీరకాయలన్నీ చెక్కు తీసేసింది.

పప్పు ఉడికింది. పైడమ్మ బియ్యం కొలుస్తోంది. ఎప్పటిలాగే డబ్బాలో గుప్పెడు గింజలు వదిలింది. డబ్బా అడుగు కనిపించకూడదని ఆమె పట్టు. ఉంటాను.

2. నర్సమ్మ వచ్చి వెళ్లాక

ఈ రోజు రాయడానికి చెయ్యి రావడం లేదు. అయినా రాస్తాను.

పురుడు పోసుకునే ఇంటి యంత్రానికి ఊపిరి పరీక్ష పెడతారు. మా వీధి నర్సు చంద్రకళ ఆ పని మీద వచ్చింది. పురిటిగదిలో నిలబడి "ఈ గదికి కొత్త గాలి" అని యంత్రానికి చెప్పి, తను ఊపిరి బిగబడుతుంది. ఆమె ఊపిరి వదిలేలోగా గదిలోకి కొత్త గాలి రావాలి. బిడ్డ ఉక్కిరిబిక్కిరైతే యంత్రం ఎంత త్వరగా అందుకుంటుందో చూడ్డానికన్నమాట.

చంద్రకళ బిగబట్టింది. పెద్దోడు గుర్రుగుర్రుమంటున్నాడు. ఆమె బుగ్గలు ఎర్రబడ్డాయి. చెవులు ఎర్రబడ్డాయి. కళ్లు గుడ్లగూబ కళ్లయ్యాయి.

"ఓలమ్మ, ఇడిసీయే! సచ్చిపోతావే!" అని పైడమ్మ ఆమె వీపు మీద ఒక్కటి చరిచింది.

చంద్రకళ ఊపిరి వదిలి, మంచం మీద కూలబడి, మంచినీళ్లు తాగి, గ్లాసు కింద పెట్టిన తరవాత, పెద్దోడు ఎంతో గౌరవంగా, "కొత్త గాలి వచ్చిందండీ" అన్నాడు.

"బాబాయ్, నాకు మాత్రం బాధ కాదేటి?" అంది ఆ పిల్ల. "దుమ్ము కాలం వచ్చేస్తున్నాది. ఆఖరి రైలు కదిలేలోగా ఇది పాసవ్వాల. నేకపోతే ముత్యాన్ని ఆ రైల్లోనే ఎర్రకొండ ఆసుపత్రికి పంపీవాల. మొగుడొక్కణ్నే ఎంట రానిస్తారు."

దుమ్ము కాలంలో రైళ్లుండవు. అంటే, ఆ దుమ్ము తేరుకుని మేము చూసేసరికి నా మనవడో మనవరాలో బోర్లా పడి, పాకి, పళ్లు కూడా మొలిపించేసుకుంటారు. కొత్త యంత్రం కొందామన్నా భూమి నుంచి ఓడ వచ్చేది దుమ్ము కాలం వెళ్లాకే.

చంద్రకళ వెళ్లగానే పైడమ్మ పెద్దోడికి పసుపు రాసి, కుంకం పెట్టి, ఎర్రనీళ్లతో దిష్టి తీసింది. "వీధి కళ్లన్నీ నీ మీదే పడ్డాయిరా" అంది. వాడు కాసేపాగి, "పడ్డాయమ్మా" అన్నాడు.

3. నా వైద్యం

చదివింది అయిదో తరగతే అయినా, చేతులు కట్టుకు కూర్చునే మనిషిని కాను. వైద్యం మొదలుపెట్టాను.

ముందు అరచేత్తో పక్కన ఒక్కటిచ్చాను. వెనకటి గొట్టాల పనిలో మొరాయించిన ప్రతిదానికీ ఇదే మందు. గురక ఒక క్షణం ఆగింది. నా గుండె పొంగింది. మళ్లీ మొదలైంది, ఈసారి దగ్గు కలిసింది.

తరవాత ఆపి మళ్లీ వెయ్యడం. చెప్పడానికి సులువే గాని, పెద్దోణ్ణి ఆపితే ఇంట్లో గాలి ఆగుతుంది. తలగడలు, పప్పు గిన్నె పట్టుకుని పక్కింట్లో కూర్చున్నాం. పక్కింటావిడ పోలమ్మ మహా ఇదిగా, "ఏటి మావా, మీవోడు నిద్రలేచినాడా?" అని ఆటపట్టిస్తూనే ఉంది. తిరిగొచ్చి వేశాం. వాడు లేచి, ఎవరిని ఏమని పిలవాలో గుర్తు తెచ్చుకునేసరికి నా నడుం పట్టేసింది.

మూడోది నూనె. తిరిగే వస్తువు అరుస్తోందంటే నూనె తక్కువైందనే కదా. కొబ్బరినూనె తెచ్చి వాడు గాలి పీల్చే జాలీలోంచి బాగా పోశాను. పది నిమిషాలు వాడు మెత్తబడ్డాడు. నేను వీధిలోకి పరుగెత్తి అందరికీ చెప్పి వచ్చాను. వచ్చేసరికి ఇల్లంతా గారెలు వేయించే వాసన.

"ఎవులికయ్యా పిండివంటలు?" అంది పైడమ్మ స్నానాల గదిలోంచి. బయటికొచ్చి సంగతి చూసి, తువ్వాలు నా వీపు మీద విసిరింది. అప్పుడే పెద్దోడు ఆమెను, "అమ్మా, నిన్నటి తొట్టి నీళ్లు ఖాళీ చేసేయనా?" అని అడిగాడు.

"గుప్పెడు ఉంచరా" అంది ఆమె, అలవాటు ప్రకారం.

4. ముత్యం వచ్చింది!

వచ్చింది! కడుపు ముందు, తను వెనక! స్టేషన్లో నేను ఏడుస్తుంటే రైలు గార్డు కూడా ముక్కు తుడుచుకున్నాడు. అల్లుడు జోగినాయుడు మంచుగనిలో సెలవు దొరక్క, నొప్పుల వేళకి వస్తానన్నాడు.

గుమ్మంలో అడుగు పెడుతూనే ముత్యం, "అన్నా! నేనొచ్చీసినాను" అని గోడకి చెయ్యి ఆనించింది.

గురక. గురక. గురక. కాళ్లు కడుక్కుంది, అన్నం తింది, వక్కపలుకు నోట్లో వేసుకుంది. అప్పుడు వాడు, "చెల్లెమ్మా! ఎప్పుడొచ్చావు?" అన్నాడు. ముత్యం పడీ పడీ నవ్వింది. నవ్వుతూ కడుపు పట్టుకుని, "నాన్నా, ఇలా రా, చెయ్యి పెట్టు" అంది.

పెట్టాను. లోపల్నించి ఒక్క పోటు. మళ్లీ ఇంకొకటి. నేను వేలితో మెల్లగా తట్టాను. తిరిగి తట్టాడండీ! జవాబిచ్చాడు! నేలలో ఎన్నో గొట్టాలు దింపిన చెయ్యి ఇది, లోపల్నించి జవాబు రావడం ఇదే మొదలు.

రైలు విషయం ముత్యానికి నేను చెప్పలేదు. పైడమ్మా చెప్పలేదు. పోలమ్మ చెప్పింది. ముత్యం పెద్దోడి పక్కనే చాప వేసుకుని పడుకుంటూ, "ఈ గురక నేకపోతే నాకు నిద్దరే రాదు నాన్నా. అత్తారింట్లో యంత్రం మాటే ఇనపడదు. తొలి నెలంతా పడుకోనేదు తెలుసా?" అంది. వెంటనే నిద్రపోయింది. కడుపులోవాడూ ఆట మానేశాడు. నేను మాత్రం రైలు గురించి ఆలోచిస్తూ కూర్చున్నాను.

5. ఎర్ర పొడి

కచేరీ వారు చివరికి యంత్రాల ఇంజినీరు ఎస్తేరుని పంపారు. చిన్నప్పుడు ముత్యంతో ఒకే బల్ల మీద చదువుకున్న పిల్ల. లోపలికి రాగానే ముక్కు ఎగబీల్చి, "బాబాయ్, గారెలేవి?" అంది. నేను కొబ్బరినూనె సీసాని కాలితో వెనక్కి జరిపాను.

పెద్దోడి జాలీ పలక విప్పింది. ఆమె ముఖంలో నవ్వు పోయింది.

జాలీ నిండా, రెక్కల నిండా, మూలల్లో గడ్డలు కట్టి, ఎర్ర పొడి.

కచేరీ వారికి చెప్పనక్కర్లేదు, ఇది ఎవరైనా చదివితే తెలియాలని రాస్తున్నాను. కుజుడి మీద ఇంట్లో ఎర్ర పొడి కనిపించిందంటే గోడ ఎక్కడో బీటలిచ్చి బయటి దుమ్ము లోపలికి వస్తోందని అర్థం. అలాంటి ఇంట్లో మనిషి ఉండకూడదు. పురుడు మాట దేవుడెరుగు, ఇల్లే మూసేస్తారు.

"బాబాయ్, ముత్యాన్ని తీసుకుని బయటికి నడవండి. పిన్నీ, పొయ్యి కట్టెయ్. ఇప్పుడే." గొంతు పెంచకుండా చెప్పింది. అందుకే ఎక్కువ భయం వేసింది.

పోలమ్మ ఇంట్లో కూర్చున్నాం. ఈసారి పోలమ్మ ఆటపట్టించలేదు. ముత్యం వీపు నిమురుతూ కూర్చుంది. నేను మా ఇంట్లో పెట్టిన మొదటి అడుగు నుంచి ప్రతిదీ తలచుకున్నాను. గోడలు నేను కట్టినవే. ఏ అతుకు సరిగ్గా వెయ్యలేదో అని ఒక్కొక్కటే మనసులో తడుముకున్నాను. ముత్యం నా చెయ్యి పట్టుకుని, "గోడలు బాగానే ఉంటాయి నాన్నా" అంది. దాని చెయ్యి చల్లగా ఉంది.

తలుపు తెరుచుకుంది. ఎస్తేరు నిలబడి ఉంది. వేళ్లకి ఎర్ర పొడి. ఏడుస్తోందో నవ్వుతోందో తెలియలేదు.

"పిన్నీ, దుమ్ముకైతే తుప్పు వాసన రావాల. దీనికి గుడి వాసనొస్తున్నాదేటి?"

పైడమ్మ ఒక చిటికెడు తీసి వాసన చూసింది. "కుంకం" అంది. "మరేటనుకున్నావు?"

ప్రతి దసరాకీ ఆయుధపూజ. పెద్దోడికి పసుపు, కుంకం, అక్షింతలు, సాంబ్రాణి ధూపం. పుట్టినరోజని, పరీక్షలని, దిష్టి అని మధ్యమధ్యలో ఇంకొన్ని. ముఖం ఎక్కడో తెలియక, గాలి పీల్చే జాలీనే నుదురనుకుని దాని మీదే పెట్టేది. వాడు పీల్చేవాడు. ఇన్నేళ్ల కుంకం వాడి ఊపిరితిత్తుల్లో ఉంది. దాని మీద నేను కొబ్బరినూనె పోసి ముద్ద చేశాను.

"యంత్రానికి పూజ సెయ్యకుండా ఎలాగే? కళ్లు పోవూ!" అంది పైడమ్మ.

"మా ఇంట్లో యంత్రానికి ప్రార్థన ఒక్కటే పిన్నీ, పొడులు జల్లం" అంది ఎస్తేరు. అప్పుడు ముత్యం నవ్వడం మొదలుపెట్టింది. దాన్ని చూసి ఎస్తేరు, వాళ్లని చూసి పోలమ్మ. నవ్వలేక ముత్యం "అబ్బా, ఇక్కడే పురుడొచ్చీలా ఉంది, ఆపండే" అని అరిచింది. గోడ బీటలివ్వలేదు! నా అతుకులు గట్టివే! ఆ ముక్క కొంచెం పెద్ద అక్షరాలతో రాయాలనుంది.

జాలీ, రెక్కలు పోలమ్మ ఇంటికే తెచ్చుకుని, సాయంత్రం దాకా నలుగురం కూర్చుని కుంకం కడిగాం. రెక్కల్లోంచి అక్షింతలు దోసెడు వచ్చాయి. పలక బిగించి మళ్లీ వేస్తే, చప్పుడు లేదు. బొత్తిగా లేదు. వేశామా లేదా అని నేను చెవి ఆనించి చూడాల్సి వచ్చింది.

"కొత్త గాలి" అంది ఎస్తేరు, ఊపిరి బిగబట్టి.

ఆమె కూడా గుడ్లగూబ అయింది. గురక పోయింది గాని నెమ్మది పోలేదు.

6. గుప్పెళ్లు

పొద్దున్నే ఎస్తేరు చేతిపలక ఒకటి తెచ్చి పెద్దోడికి తగిలించి, వాడు ఏం పనులు చేస్తున్నాడో చదివింది. చదువుతూ చదువుతూ నేల మీద చతికిలబడింది.

"బాబాయ్, ఈ నీళ్లతొట్టి ఖాళీ చెయ్యడం ఇంకా అవ్వలేదంట. ఏ నీళ్లో తెలుసా? ముత్యం బారసాల నాటి నీళ్లు!"

ఒక్కటి కాదు. ఇన్నేళ్లలో వాడికి చెప్పిన ప్రతి పనీ చివర కొంచెం మిగిలి ఉంది. తొట్టి ఖాళీ చెయ్యనా అంటే గుప్పెడు ఉంచు. మొక్కలకి నీళ్లు పెట్టడం అయిందా అంటే గుప్పెడు ఉంచు. బియ్యం డబ్బాలో గుప్పెడు ఉంచితే ఆ ఇంట్లో గింజలకి లోటు రాదని మా అమ్మ పైడమ్మకి చెప్పింది. పైడమ్మ దాన్ని బియ్యంతో ఆపలేదు.

"పని పూర్తయ్యేదాకా మర్చిపోకూడదని వీడికి నేర్పారు. మీరేమో ఒక్క పనీ పూర్తి కానివ్వలేదు" అంది ఎస్తేరు. "అవన్నీ ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు పాపం. కొత్త పని చెప్తే ఎలా లేస్తాడు?"

వాడేసిన నీళ్లు, ఆరిన దీపాలు లాంటి పనులు ముగించేయడానికి కాసేపు బేరమాడాక పైడమ్మ ఒప్పుకుంది. ఎస్తేరు వాటిని పూర్తి చేసింది. పెద్దోడు కొంచెం చురుకయ్యాడు. కానీ కొంచెమే.

"అసలు బరువు ఇక్కడుంది. ఇవేటన్నా?" అని ఎస్తేరు వాణ్ణే అడిగింది.

కాసేపటికి వాడు చెప్పాడు. "కథలు. చెల్లెమ్మ నిద్రపోయేముందు నేను చెప్పినవి, నాన్న చెప్పినవి. చివర గుప్పెడు ఉంచమని అమ్మ చెప్పింది."

ముత్యం కూర్చున్నచోటే నిటారుగా అయింది. "అందుకేనా! నక్క పెళ్లికి వంటకెళ్లిన ఎలుగుబంటి ఏటైందో నాకు ఇప్పటికీ తెలీదు! ఎప్పుడడిగినా రేపు, రేపు! అమ్మా, నువ్వా?"

"కథ అయిపోతే నువ్వు ఇంకోటి అడిగీదానివి. మీ నాన్న డూటీ నించొచ్చి ఎన్ని సెప్తాడు?" అంది పైడమ్మ. "అయినా కథ కంచికెళ్లిపోతే ఇంట్లో ఏటి మిగులుద్ది?"

కంచి దారిలో ఆగిపోయిన కథలన్నీ పెద్దోడి నెత్తి మీదే ఉన్నాయన్నమాట. వాడు వాటిలో దేన్నీ కింద పెట్టలేదు.

"తుడిచేస్తే అయిపోద్ది" అంది ఎస్తేరు.

పైడమ్మ పెద్దోడికీ ఆమెకీ మధ్య నిలబడింది. "నిండు చూలాలున్న ఇంట్లో డబ్బా బోర్లిస్తావేటే? పిల్ల చెయ్యి ఏస్తే అడుగు తగలాలా? నేను ఒల్లను."

నేనూ చెప్పాను, ఎస్తేరూ చెప్పింది. ఆమె కదల్లేదు. అప్పుడు ముత్యం చాలా నెమ్మదిగా, "పోనీ అమ్మా, నేను రైలెక్కీనా?" అంది.

ఆ మాట వంటింట్లో అందరికీ వినబడింది. గురక కూడా లేదు కదా, దాక్కోవడానికి. రైలుకి ఇంక మూడు పొద్దులే ఉన్నాయి. పైడమ్మ ముత్యం ముఖం చూడలేక చలిమిడి పిండి ముందేసుకుని కలపడం మొదలుపెట్టింది. పెద్ద ముద్ద అయింది. అందులోంచి చిన్న ముద్దలు చేసింది, వీధిలో ఇళ్లెన్నో అన్ని. చేస్తూ చేస్తూ ఆగింది.

"బియ్యం డబ్బా మార్చాలంటే ఏటి సేస్తాం?" అంది. "పారబొయ్యం. ఇరుగుపొరుగుకి తలో దోసెడు పెడతాం. ఒక్క గుప్పెడు మనకి ఉంచుకుంటాం. ఎస్తేరూ, కథలు పంచొచ్చేటే?"

ఎస్తేరు చేతిపలక అందుకుంది. "పిన్నీ! బాగా పంచొచ్చు!"

7. సీమంతం

ఇంత వేడుక మా గొట్టం వీధిలో జరగలేదని పోలమ్మే అంది. పోలమ్మ నోట మంచిమాట!

వీధి ఆడవాళ్లందరూ వచ్చారు. ఒక్కొక్కరూ తమ ఇంటి గవ్వ తెచ్చుకున్నారు. గవ్వంటే యంత్రానికీ యంత్రానికీ మధ్య మాటలు మోసే చిన్న బిళ్ల. ముత్యానికి గాజులు తొడిగారు, గంధం రాశారు. పైడమ్మ ఒక్కొక్కరికీ తాంబూలం, శనగలు, చలిమిడి ముద్ద, వాటితో పాటు ఒక కథల దోసెడు వాయనం ఇచ్చింది. ఇచ్చేముందు అందులో ఒక్క కథకైనా చివర ముత్యానికి వినిపించాలని షరతు. పెద్దోడు చెప్పేవాడు, అందరూ వినేవారు. వింటే ఆ కథ గవ్వలోకి ఎక్కి వెళ్లిపోయేది.

బావిని ఎత్తుకుపోయిన దొంగ ఏమయ్యాడు? బావిని దాచడానికి గొయ్యి తవ్వితే ఆ గోతిలోనే నీళ్లు పడ్డాయి, ఈ రెండో బరువు ఎందుకని మొదటిది తెచ్చి ఎక్కడిదక్కడ పెట్టేశాడు. మరి ఎలుగుబంటి? పెళ్లికొడుకు నక్క కట్నం లేదని పీటల మీద నుంచి పారిపోతే, ముహూర్తం మించిపోతుందని వంటింట్లోంచి ఎలుగుబంటిని లాక్కొచ్చి కూర్చోబెట్టారు.

"గరిటెతోనా?" అని అరిచింది ముత్యం.

"గరిటెతోనే చెల్లెమ్మా. తలంబ్రాలు దాంతోనే పోశాడు."

ముత్యం చప్పట్లు కొట్టింది. ముప్ఫై దాటిన మనిషి, తొమ్మిదో నెల, చేతినిండా గాజులు, చిన్నపిల్లలా! ఎలుగుబంటి కథ నాకంటే నాకని ఇద్దరు కొట్టుకున్నారు. చివరికి ఇద్దరి గవ్వల్లోనూ వేశాం. జోగినాయుడి పిన్ని ఒకావిడ, "కథల తోకలు వాయనమివ్వడం నేనెక్కడా సూణ్నేదమ్మా" అంటూనే రెండు దోసిళ్లు పట్టుకెళ్లింది.

ఒక్కో గవ్వ కదిలేకొద్దీ పెద్దోడు తేలికపడటం కళ్లకి కనిపించింది. మొదట్లో నీళ్లడిగినావిడ గ్లాసు పట్టుకుని చాలాసేపు నిలబడింది. మధ్యాహ్నానికి గ్లాసు చాచేలోగా నీళ్లు. చివరికి ముత్యం "అన్నా" అనబోతుంటేనే వాడు "ఏమ్మా" అన్నాడు.

ఆఖర్న ఒకటే మిగిలింది. "నాన్నా, ఇది మీది" అన్నాడు పెద్దోడు.

నాకు గుర్తుంది. ముత్యానికి ఒళ్లు కాలిపోతున్న రోజు నేను చెప్పిన కథ. ఒకడు నేలలోకి గొట్టం దింపుతూ దింపుతూ రాయి తగిలి, సుత్తితో టకటక కొడతాడు. రాయి అవతల నుంచి ఎవరో తిరిగి టకటక కొడతారు. అంతవరకే. నేనే నిద్రపోయాను.

"ఎవరు కొట్టారు నాన్నా?" అంది ముత్యం.

"నాకూ తెలీదమ్మా. అప్పుడు కల్పించనేదు."

"అయితే అదుంచు" అంది పైడమ్మ. "అదే మన గుప్పెడు."

8. ఊపిరి

చంద్రకళ వచ్చింది. ఈసారి జాగ్రత్తపడి, కూర్చునే బిగబట్టింది. "ఈ గదికి కొత్త గాలి" అని చెప్పి బుగ్గలు పొంగించిందో లేదో, ఆమె జడ కుచ్చు ఎగిరింది. బిగబట్టిన గాలి ఏం చేసుకోవాలో తెలియక, బుగ్గలు అలాగే పెట్టుకుని మా అందరినీ చూసింది.

"ఇడిసీయే, పాసైపోనాడు" అంది పైడమ్మ.

నేను గెంతాను. రెండో బొప్పి.

ఆఖరి రైలు మా ముత్యం లేకుండా వెళ్లిపోయింది. దిగిన వాళ్లలో జోగినాయుడు ఉన్నాడు, చేతిలో మంచుగని వాళ్లిచ్చిన ఊయల.

9. ఆడపిల్ల!

ఆడపిల్ల! ఆడపిల్ల! ఆడపిల్ల! మధ్యాహ్నం, బయట దుమ్ము కిటికీలని రుద్దుతుండగా! ఇంకేమీ రాయలేను. రాస్తాను. మొదటి క్షణం బిడ్డ ఏడవలేదు. చంద్రకళ నోరు తెరిచేలోగా పెద్దోడు గదినిండా కొత్త గాలి నింపాడు, ఎవరూ అడక్కుండానే. అప్పుడు ఏడ్చింది. అబ్బ, ఎంత గొంతో! పరుపు ఆనించుకున్న పక్కింటికి కూడా వినబడింది.

"మేనమామ గాలి పోశాడు" అంది పైడమ్మ, చెంగు ముఖానికి అడ్డం పెట్టుకుని.

10. చివరి రాత

ఏడుపు ఆపలేదు.

పాలు తాగుతుంది, ఏడుస్తుంది. ఎత్తుకుంటే చూస్తుంది, ఊయల్లో వేస్తే ఏడుస్తుంది. చంద్రకళ కడుపు చూసింది, చెవులు చూసింది, అంతా బాగుందంది. పోలమ్మ వాము నీళ్లంది. ఎస్తేరు గాలి, వేడి, వెలుతురు అన్నీ సరిచూసింది. జోగినాయుడు ఊపీ ఊపీ తనే నిద్రపోయాడు. పైడమ్మ కుంకం భరిణె పట్టుకుని దిష్టి తీద్దామని పెద్దోడి దాకా వెళ్లింది. జాలీ ముందు చెయ్యి చాచి ఆగింది. ఎస్తేరు వైపు చూసింది. తరవాత పక్కన ఖాళీ గోడ మీద ఒక్క చుక్క పెట్టి, దానికే దణ్ణం పెట్టుకుని వచ్చేసింది.

ముత్యం కళ్లు మూసుకుని వింటోంది. "ఏటీ ఇనపడట్లేదు" అంది.

"ఏటి ఇనపడాలమ్మా?"

"అదే నాన్నా. ఏటీ ఇనపడట్లేదు. కడుపులో ఉండగా, నేనొచ్చిన కాణ్నించి దీన్ని పెద్దోడి పక్కనే పడుకోబెట్టాను కదా. అన్న గురక నేదు. అందుకే!"

నేను ఊయల పక్కన కూర్చున్నాను. గొంతు సవరించుకున్నాను. తిరగలి, గులకరాళ్లు, మధ్యలో ఒక దగ్గు. ఇన్నేళ్లు విన్నది, నాకు రాకపోతే ఎవరికొస్తుంది? గుర్ర్ర్, గుర్ర్ర్, ఖళ్, గుర్ర్ర్.

మనవరాలు ఏడుపు మధ్యలో ఆగింది. నల్లటి కళ్లతో నావైపు చూసింది. పిడికిలి నోట్లో పెట్టుకుంది. రెప్పలు వాలిపోయాయి.

"నాన్నా, ఆ చప్పుడు నేను చేయగలను. చేయమంటారా?" అన్నాడు పెద్దోడు, మెల్లగా.

"వొద్దురా. నీకు ఊపిరి పనుంది. గురక పని తాతకి ఒదిలీ."

గుర్రుమంటూనే, మధ్యమధ్యలో కథ కూడా చెప్పాను. ఒకడు నేలలోకి గొట్టం దింపుతున్నాడు, రాయి తగిలింది, టకటక కొట్టాడు. అవతల నుంచి ఎవరో తిరిగి టకటక కొట్టారు. ముత్యం కడుపు మీద నా అరచేతికి తగిలిన పోటు గుర్తొచ్చింది. ఎవరు కొట్టారో నాకు ఇప్పుడు తెలుసు. బిడ్డ ముఖం చూస్తూ ఆగాను.

"ఆఁ, తరవాత?" అంది మంచం మీద నుంచి ముత్యం.

"రేపు" అన్నాను.

కచేరీ వారికి మనవి. మా ఇంటి యంత్రం నలత తీరింది. ఆ నెమ్మదితనం పోయింది. ఇరుగుపొరుగు వారు చప్పుడు ఇంకా వస్తోందని ఫిర్యాదు చేశారని విన్నాను. నిజమే, వస్తోంది. దానికి మరమ్మతు అక్కర్లేదు. అది నేను.